చీటీలో ఎవరూ రాయని తేదీ

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది. పోయిన అక్టోబరులో గుండెపోటు వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75, టికాగ్రెలార్ 90 రోజుకు రెండుసార్లు, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 80 రాసి పంపారు. ఫిబ్రవరిలో మెట్లెక్కితే ఆయాసం వస్తోందని కాలనీ డాక్టరుగారికి చూపిస్తే, టికాగ్రెలార్ ఆపేసి పేరు చివర ‘గోల్డ్’ అని ఉన్న కాప్సూల్ రాశారు. పాత ఎకోస్ప్రిన్ కూడా నాన్న వేసుకుంటూనే ఉన్నారు. పరగడుపున ఓమెప్రజోల్, మోకాళ్ళ నొప్పికి అప్పుడప్పుడు పెయిన్ కిల్లర్. ఈమధ్య చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. మా బాబాయికి నొప్పి ముదరకముందే యాంజియో చేసి స్టెంటు వేశారు, ఆయనకు ఆరు నెలలకే ఒక మాత్ర తీసేశారు. మందుల షాపతను ‘ఇవి జీవితాంతం వాడాల్సిందే’ అంటాడు. అమెరికాలో ఉన్న మా బావగారు గైడ్‌లైన్స్ చదివి ‘అసలు ప్రసుగ్రెల్ ఇవ్వాల్సింది’ అంటున్నారు. ఇప్పుడు నాన్నకు పన్ను పీకించాలి, డెంటిస్టు ఐదు రోజులు అన్నీ ఆపి రమ్మన్నారు. అన్నట్టు, ఆరేళ్ళ క్రితం ఒకసారి నాన్నకు మూతి వంకరపోయి, కుడి చెయ్యి పట్టు తప్పింది. గంటలో దానంతటదే సర్దుకుంది, ఎవరికీ చూపించలేదు. మన డాక్టర్లు గైడ్‌లైన్స్ పాటిస్తారా, లేక ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: అమ్మా, మీ పెద్ద ప్రశ్న కాసేపు పక్కన పెడదాం. ముందు పన్ను సంగతి. గుండె డాక్టరును అడగకుండా ఏ మాత్రా ఆపకండి. స్టెంటు పడి తొమ్మిది నెలలే అయింది. ఒకటి రెండు పళ్ళు పీకడానికి ఈ మాత్రలు ఆపనక్కర్లేదని గుండె వైద్యుల సంఘాలు, దంత వైద్యుల సంఘాలు రెండూ ఎప్పటినుంచో చెబుతున్నాయి. పన్ను పీకిన చోట మామూలు కంటే ఎక్కువసేపు రక్తం కారుతుంది, అంతే. గాజుగుడ్డ గట్టిగా కరిచి పట్టుకోవడం, ఒక కుట్టు, అవసరమైతే రక్తం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్‌తో పుక్కిలింత, వీటితో ఆగుతుంది. పంటి చిగురు బయటికి కనిపించేది, వేలితో నొక్కి పట్టుకోగలిగేది. గుండె రక్తనాళంలో స్టెంటు మూసుకుపోతే నొక్కి పట్టుకోవడానికి ఏమీ లేదు. ఉదయం పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి, రక్తం ఆగకపోతే పగలే మళ్ళీ వెళ్ళొచ్చు. డెంటిస్టుగారు ఒప్పుకోకపోతే గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడించండి. అప్పటికీ భయపడితే డెంటిస్టును మార్చండి, మాత్రను కాదు.

రెండోది, ఇవాళే చూడాల్సింది. ఆ కాప్సూల్ అట్ట వెనక సన్న అక్షరాలు చదవండి. మన మార్కెట్లో పేరు చివర ‘గోల్డ్’ అని ఉంటే సాధారణంగా మూడు మందులు కలిపినదని అర్థం: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఒక కొలెస్ట్రాల్ మందు. ‘ఏవీ’ అని ఉంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ రెండే. మీ కాప్సూల్లో ఆస్పిరిన్ 75 ఉంటే, పాత ఎకోస్ప్రిన్‌తో కలిపి నాన్నగారు రోజుకు 150 మింగుతున్నారు. అది ప్రాణం తీసే డోసు కాదు గానీ, పైన పెయిన్ కిల్లర్ కూడా పడుతోంది కాబట్టి చేతుల మీద మచ్చలకు కారణం వెతుక్కోనక్కర్లేదు. కాలనీ డాక్టరుకు ఫోన్ చేసి ‘పాతది ఆపాలా?’ అని ఒక్క మాట అడగండి. బహుశా ఆయన ఆపమనే ఉంటారు, చీటీలో రాయకుండా నోటితో చెప్పి ఉంటారు. అలాగే ఈ కాప్సూళ్ళలో కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ అయితే, అది చాలావరకు 10 లేదా 20 మిల్లీగ్రాములే ఉంటుంది. ఆసుపత్రి రాసింది 80. గుండెపోటు తర్వాత 40 నుంచి 80 ఇవ్వాలని గైడ్‌లైన్ చెబుతుంది. మూడు మాత్రలు ఒకటైపోయాయని మనం సంతోషిస్తాం, లోపల ఒకటి నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో పడిపోయిన సంగతి ఎవరూ చూడరు. నాకు ఈ కలగలుపు కాప్సూళ్ళ మీద కోపం లేదు. రోజుకు పది మాత్రలు మింగలేని వాళ్ళకు అవే దిక్కు. కానీ మార్చిన రోజున పాత చీటీ పక్కన పెట్టుకుని లెక్క చూసుకోవాలి.

ఇక మీ అసలు ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళు జనరల్ మెడిసిన్‌లో పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఈ నగరంలో కిక్కిరిసిన ఓపీల్లోనే. అందుకని నా జవాబులో మావాళ్ళ పక్షం కొంచెం ఉంటుంది, ముందే ఒప్పుకుంటున్నాను.

మీరు మూడు రకాల మాటలు విన్నారు కాబట్టి ఇద్దరైనా తప్పు చెప్పి ఉంటారని అనుకుంటున్నారు. బాబాయిగారి విషయం చూడండి. ఆయనకు గుండెపోటు రాలేదు. నడిస్తే వచ్చే నొప్పికి ముందుగా చూసుకుని స్టెంటు వేయించుకున్నారు. అలాంటి వాళ్ళకు రెండు మాత్రలు (ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రసుగ్రెల్‌లలో ఒకటి) ఆరు నెలలు, ఆ తర్వాత ఒకటే. మీ నాన్నగారికి గుండెపోటు వచ్చి వేశారు. ఆయనకు మామూలుగా పన్నెండు నెలలు. ఇద్దరిదీ ఒకే కంపెనీ స్టెంటు కావచ్చు, ఒకే డాక్టరు వేసి ఉండొచ్చు, అయినా గడువు వేరు. ఎందుకంటే గడువు స్టెంటును బట్టి మాత్రమే కాదు, ఆ రక్తనాళం లోపలి గోడ ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. గుండెపోటులో ఆ గోడ మీది పూడిక పగులుతుంది. పగిలిన చోటికి రక్తంలోని ప్లేట్‌లెట్లు పరిగెత్తుకొచ్చి ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. వేలు తెగితే రక్తం ఆపేది కూడా ఇవే. ఈ మాత్రలను అందరం ‘రక్తం పల్చబడే మందులు’ అంటాం, నేనూ అంటుంటాను. నిజానికి రక్తం పల్చబడదు, ప్లేట్‌లెట్లకు జిగురు తగ్గుతుంది.

పన్నెండు నెలలు అన్న అంకె ఎక్కడిది? 2001లో క్యూర్ అని ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 12,562 మందిని తీసుకుని, కొందరికి ఆస్పిరిన్ ఒక్కటే, మిగతావాళ్ళకు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ ఇచ్చారు. గుండె సంబంధమైన మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి లెక్కేస్తే ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్ళలో నూటికి 11.4, రెండూ వాడినవాళ్ళలో 9.3. పెద్ద రక్తస్రావాలు మాత్రం 2.7 నుంచి 3.7కి పెరిగాయి. ఆ పరిశోధనలో మందు ఇచ్చింది మూడు నెలల నుంచి పన్నెండు నెలల దాకా. ఆ గరిష్ఠ గడువే తర్వాత గైడ్‌లైన్లలో స్థిరపడింది. పదకొండు నెలలు చాలవనీ పదమూడు ఎక్కువనీ ఎవరూ తేల్చలేదు. అందుకే ఆ తర్వాత ఇటూ అటూ లాగుతూనే ఉన్నారు. 2014లో వచ్చిన డాప్ట్ పరిశోధన ముప్పై నెలలు వాడితే స్టెంటు మూసుకుపోవడం తగ్గిందని చూపించింది, రక్తస్రావం పెరిగిందనీ చూపించింది. 2019లో ట్వైలైట్ పరిశోధనలో మూడు నెలల తర్వాత ఆస్పిరిన్ తీసేసి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగించారు. రక్తస్రావం తగ్గింది, గుండెపోట్లు పెరగలేదు. అంటే హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉన్న మనిషికి, ఒకసారి కడుపులో పుండు పగిలి రక్తం పోయిన మనిషికి, డాక్టరు ఒకటి నుంచి మూడు నెలల్లోనే ఒక మాత్ర ఆపేసినా ఆయన గైడ్‌లైన్ లోపలే ఉన్నట్టు. షుగర్ ఉండి, మూడు నాళాల్లోనూ పూడికలున్న మనిషికి ఏడాది దాటాక కూడా రెండూ కొనసాగించినా ఆయనా లోపలే ఉన్నట్టు. గైడ్‌లైన్‌ను మనం ఔటర్ రింగ్ రోడ్డులా ఊహించుకుంటాం, ఒకసారి ఎక్కితే తిన్నగా పోవచ్చని. అది కోఠీ సందుల్లా ఉంటుంది. సరైన దారులు ఒకటికి నాలుగుంటాయి, దారి లేని మూసుకుపోయిన సందులు కూడా రెండు మూడుంటాయి.

ఆ మూసుకుపోయిన సందుల్లో ఒకటి మీ బావగారు చెప్పినదే. ఆయన చదివింది అబద్ధం కాదు. 2019లో ఇసార్ రియాక్ట్ 5 అనే పరిశోధనలో ప్రసుగ్రెల్ వాడినవాళ్ళకు టికాగ్రెలార్ కంటే మేలు జరిగింది, యూరప్ గైడ్‌లైన్ కూడా స్టెంటు వేయించుకునే గుండెపోటు రోగుల్లో దానివైపు మొగ్గింది. కానీ ఒకసారి పక్షవాతం గానీ, గంటలో సర్దుకునే చిన్న పక్షవాతం గానీ వచ్చిన మనిషికి ప్రసుగ్రెల్ ఇవ్వకూడదు. 2007లో ఆ మందును ముందుకు తెచ్చిన ట్రైటన్ పరిశోధనలోనే అలాంటి వాళ్ళకు హాని ఎక్కువని తేలింది. మీరు ‘అన్నట్టు’ అని ఉత్తరం చివర రాశారే, మూతి వంకరపోవడం, కుడి చెయ్యి పట్టు తప్పడం, గంటలో తగ్గిపోవడం, అది బహుశా ఆ చిన్న పక్షవాతమే. మూతి ఒక్కటే అయితే ముఖం నరం వాపు అనుకోవచ్చు, కానీ అది గంటలో పోదు, చేతిదాకా రాదు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన వాక్యం అదొక్కటే. ఆసుపత్రిలో ఎవరైనా అడిగారా, మీరు చెప్పారా? డిశ్చార్జ్ సమ్మరీలో ‘గతంలో పక్షవాతం లేదు’ అని ఉంటే, ఆ గీత వెంటనే దిద్దించాలి. రేపు ఏ అమెరికా బావగారి మాటో విని ఇంకో డాక్టరు ప్రసుగ్రెల్ రాయకుండా ఆపగలిగేది అదే. మెదడుకు వెళ్ళే మెడ రక్తనాళాల స్కాన్ సంగతి కూడా అప్పుడే అడగండి.

కాలనీ డాక్టరుగారు టికాగ్రెలార్ తీసేయడం గురించి. ఆ మందుతో ఆయాసం రావడం తెలిసిన విషయమే. 2009లో వచ్చిన ప్లేటో పరిశోధనలో టికాగ్రెలార్ వాడినవాళ్ళలో నూటికి దాదాపు 14 మందికి, క్లోపిడోగ్రెల్ వాడినవాళ్ళలో 8 మందికి ఆయాసం వచ్చింది. మొదటి నెల దాటాక క్లోపిడోగ్రెల్‌కు దిగడం గైడ్‌లైన్ అనుమతించే మార్పే. 2021లో కొరియా నుంచి వచ్చిన టాలోస్ పరిశోధన అచ్చంగా ఇదే చేసి చూపించింది. కాబట్టి మందు మార్పు తప్పనను. నాకు అనుమానం వేరే చోట. ఆ ఆయాసం సాధారణంగా మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో వస్తుంది. మీ నాన్నగారికి నాలుగో నెలలో వచ్చింది, అదీ మెట్లెక్కితే. గుండె పంపింగ్ తగ్గినా, రక్తం తగ్గినా ఇలాగే వస్తుంది. ఎకో (గుండె స్కాన్) తీశారా? హిమోగ్లోబిన్ చూశారా? మాత్ర మార్చాక ఆయాసం తగ్గిందో లేదో కూడా మీరు రాయలేదు. తగ్గకపోతే నేరం టికాగ్రెలార్‌ది కాదు, అసలు కారణం ఇంకా లోపలే ఉంది. ఎప్పుడు వీలైతే అప్పుడు కాదు, ఈ వారమే చూపించండి.

క్లోపిడోగ్రెల్ మొదలైంది కాబట్టి గ్యాస్ మాత్ర కూడా మారాలి. క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచేయదు. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఓమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఆ ఎంజైముకే అడ్డం పడతాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనే ఈ రెంటినీ క్లోపిడోగ్రెల్‌తో కలపొద్దని హెచ్చరించింది. పాంటోప్రజోల్‌తో ఆ బెడద తక్కువ. గ్యాస్ మాత్ర అసలు మానేయకండి, రెండు మాత్రలు వాడేవాళ్ళకు కడుపులో రక్తం పోకుండా కాసేది అదే. టికాగ్రెలార్ వాడినంతకాలం ఓమెప్రజోల్‌తో ఇబ్బంది లేదు, అందుకే అప్పట్లో అది తప్పు కాదు. పై మందు మారినప్పుడు కింది మందు చూసుకోవాలని ఎవరికీ తట్టలేదు. మోకాళ్ళకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు మానిపించండి, పారాసిటమాల్ చాలు. మన ఇళ్ళలో పెయిన్ కిల్లర్‌ను మందుల లెక్కలో వేయరు, డాక్టరు అడిగినా చెప్పరు.

ఇప్పుడు చెబుతాను, డాక్టర్లు గైడ్‌లైన్స్ పాటిస్తారా అన్న మాటకు. మొదటి రోజు పాటిస్తారు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన క్రియేట్ అధ్యయనం మన దేశంలో 89 ఆసుపత్రుల్లో గుండెపోటుతో చేరిన 20 వేల పైచిలుకు మందిని చూసింది. ఆసుపత్రిలో యాంటీప్లేట్‌లెట్ మందు, అంటే ప్లేట్‌లెట్ల జిగురు తగ్గించే ఈ రకం మందు, అందినవాళ్ళు నూటికి 97, 98 మంది. ఇంకే దేశంతో పోల్చినా తలవంచుకోనక్కర్లేని అంకె. మూడేళ్ళ తర్వాత 2011లో ప్యూర్ అనే అధ్యయనం అదే పత్రికలో వచ్చింది. ఇది ఆసుపత్రుల్లో కాదు, ఇళ్ళకు వెళ్ళి అడిగింది. ఎప్పుడో గుండె జబ్బు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్ళు ఇప్పుడు ఏం మింగుతున్నారని. ఆ అధ్యయనం మన దేశాన్నీ చేర్చిన తక్కువ ఆదాయ దేశాల వరసలో యాంటీప్లేట్‌లెట్ మందు వాడుతున్నది నూటికి తొమ్మిది మంది కూడా లేరు. సంపన్న దేశాల్లో 62. రెండు అధ్యయనాలూ చూసిన మనుషులు వేరు, లెక్కగట్టిన తీరు వేరు, పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం సరికాదు. అయినా ఆసుపత్రి గేటుకూ ఇంటి గుమ్మానికీ మధ్య ఏదో జారిపోతోందని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఏం జారిపోతుందో నేను చూశాను. నా దగ్గరికి ఒక ఆటో డ్రైవరు వచ్చేవాడు. స్టెంటు పడిన నలభై రోజులకు మళ్ళీ గుండెపోటుతో తెచ్చారు. ‘మందులేవి?’ అంటే వాళ్ళావిడ ‘కోర్సు అయిపోయింది సార్’ అంది. నెలకు సరిపడా మాత్రలిచ్చారు, అయిపోయాయి, జ్వరం మందు కోర్సులాగే అదీ ముగిసిందనుకున్నారు. ఆ చీటీ తెప్పించి చూశాను. మందు సరిగ్గానే ఉంది, డోసు సరిగ్గానే ఉంది, గైడ్‌లైన్‌లో ఉన్నట్టే ఉంది. ఎన్నాళ్ళన్నది మాత్రం లేదు. ఇలాంటిదే రెండో రకం నష్టం కూడా ఉంది. ఐదేళ్ళ క్రితం స్టెంటు పడి, రెండు మాత్రలూ ఇంకా వాడుతూ, నల్లటి విరేచనాలతో వచ్చేవాళ్ళు. ప్రతి రివ్యూ చీటీ మీద మూడు అక్షరాలు: సీఎస్‌టీ. కంటిన్యూ సేమ్ ట్రీట్‌మెంట్. నేనూ వేల చీటీల మీద రాశాను ఆ అక్షరాలు. ఓపీలో బయట వందమంది నిలబడి ఉన్నప్పుడు మూడు అక్షరాలు రాయడానికి మూడు సెకన్లు పడుతుంది. ‘ఈ మాత్ర ఎందుకు మొదలైంది, ఎప్పుడు ఆగాలి’ అని ఆలోచించడానికి పాత ఫైలు తిరగేయాలి, ఆ ఫైలు కరీంనగర్‌లో ఇంట్లో ఉంటుంది. ఇది సంజాయిషీ కాదు, జరిగేది చెబుతున్నాను. మీ మందుల షాపతను ‘జీవితాంతం’ అనడం కూడా ఇందులోంచే వచ్చింది. అతను చూసిన చీటీల్లో దేనికీ ఆఖరి తేదీ లేదు మరి. సగం నిజమే అతని మాట. ఒక మాత్ర జీవితాంతమే, సాధారణంగా ఆస్పిరిన్, కొందరికి క్లోపిడోగ్రెల్. రెండూ కాదు.

గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియో రిపోర్టు, ఇప్పుడు మింగుతున్న ప్రతి మాత్ర అట్ట, పెయిన్ కిల్లర్ సహా, ఒక కవర్లో వేసుకెళ్ళండి. రిపోర్టులు పోయి ఉంటే ఆసుపత్రికి అర్జీ పెట్టండి, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. డాక్టరును ‘గైడ్‌లైన్ పాటిస్తున్నారా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు, పైగా ముఖం మాడ్చుకుంటారు. ‘సార్, క్లోపిడోగ్రెల్ ఏ నెల దాకా? అక్టోబరు తర్వాత రెంటిలో ఏది ఉంచుతారు? కొంచెం చీటీ మీద రాస్తారా?’ అనండి. షుగర్ ఉంది కాబట్టి ఆయన ఏడాది దాటించాలనుకోవచ్చు. చిన్న పక్షవాతం సంగతి, చేతి మీది మచ్చలు విన్నాక అక్టోబరుతో ఆపాలనుకోవచ్చు. నేను అక్కడ ఉంటే రెండో వైపు మొగ్గుతాను. కానీ యాంజియో సీడీ చూసింది ఆయన, నేను కాదు. ఆయన ఏ తేదీ రాసినా సరే, ఆ తేదీ నాన్నగారి మాత్రల డబ్బా మూత మీద కూడా స్కెచ్ పెన్నుతో రాసిపెట్టండి. ఆర్టీసీలో అన్నేళ్ళు టికెట్ల లెక్క రాసిన మనిషి, మీకంటే ఆయనే జాగ్రత్తగా చూసుకుంటారు.

ఈలోపు మలం తారులా నల్లగా వచ్చినా, ఛాతీలో మళ్ళీ బరువుగా అనిపించినా, మూతో చెయ్యో వంకరపోయినా గంట ఆగి చూడకండి. 108కి ఫోన్ చేయండి. మాత్రలు ఆపాలా వద్దా అన్నది అక్కడి డాక్టర్లు చూసుకుంటారు. ఇక మీ బావగారు మళ్ళీ ఫోన్ చేస్తే, ఆరేళ్ళ క్రితం ఆ గంటసేపు జరిగిందేమిటో ఆయనకు కూడా చెప్పండి. ఆయన చదివిన గైడ్‌లైన్‌లోనే ఇంకాస్త కిందికి వెళ్తే జవాబు ఉంటుంది.